కాలర్ లోపలి గుర్తు

మా వదిన ఇస్త్రీ దుకాణంలో పనిచేయడం అంటే ఏమిటో మీకు తెలియదు. తెలియకపోతేనే సుఖం. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా అక్కడ ఇస్త్రీపెట్టెతో పాటు నా బుర్ర కూడా వేడెక్కుతూనే ఉంటుంది. బట్టలు తెచ్చేవాళ్లతో మాట్లాడటం, మూటలు విప్పి తెల్లవీ రంగువీ విడదీయడం, అయినవాటిని ఇళ్లకు చేర్చడం నా పని. వెనక గదిలో ఉతికే యంత్రాల దగ్గర మా ఆయన. ముందు గదిలో ఇస్త్రీ బల్ల దగ్గర మా ఆయనకు అక్క, అంటే మా వదిన. దుకాణం ఆవిడదే, నోరూ ఆవిడదే. మా ఇద్దరికీ చెవులు మాత్రం ఉన్నాయి.

పనిలో ఆవిడకు వంక పెట్టలేం, అది వేరే సంగతి. భర్త పోయిన నాటినుంచి ఆ బల్ల ముందు నిలబడి కొడుకును పెంచింది. నీళ్లు చిలకరించడం, కాలరు వెనక నుంచి ముందుకు లాగడం, చేతులు మడిచి వీపు మీద వేయడం, అంతా చూస్తుండగానే అయిపోతుంది. కానీ చేతులు ఊరికే పనిచేస్తాయా, కళ్లు కూడా పనిచేస్తాయి. ఎవరి చొక్కా పొట్ట దగ్గర బిగిసింది, ఎవరింట్లో గుండీలు కుట్టే దిక్కులేదు, ఎవరు తిండి ఒంటి మీద పోసుకుంటారు, అన్నీ ఆవిడకు తెలుసు. తెలిసి ఊరుకుంటే బాగుండు. "మనిషి అబద్ధం చెబుతాడేమో గానీ చొక్కా చెప్పదమ్మాయ్" అని నాకు వినిపిస్తుంది. వినిపించీ వినిపించీ ఆ మాట నాకు కలలోకి కూడా వస్తోంది.

ఆదివారం చర్చికి కూడా ఆ కళ్లే పట్టుకొస్తుంది. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు ప్రసంగంలో కునికారు, ఎవరు ప్రార్థనలో కళ్లు తెరిచారు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాళ్లకు పక్కవాడు కళ్లు తెరిచిన సంగతి ఎలా తెలుస్తుంది వదినా అని ఒకసారి అడిగాను. ఒంటికాలి మీద లేచింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. ఆ పూట దుకాణంలో ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా తప్పు చేశారని తేలితే పెద్దలు వాళ్లకు ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో అందరూ పంచుకునే రొట్టె, ఆపుతారు. ఆపినవాళ్లు వెళ్లి చివరి బెంచీ మీద కూర్చోవాలి. రొట్టె పళ్లెం బెంచీ నుంచి బెంచీకి చేతులు మారుతూ వెళ్తుంది గానీ, ఆ చివరి బెంచీకి ముందే వెనక్కి తిరుగుతుంది. మా వదిన భర్త, నాకు అన్నయ్య వరస, తాగుడు వల్ల చాలాకాలం ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. గోడ మూల ఆయన చోటు. పోయేదాకా అక్కడే. వదిన ముందు వరసలో కూర్చునేది, ఒక్క ఆదివారం కూడా వెనక్కి తిరిగి చూడలేదు. సిగ్గుతో చూడలేదో కోపంతో చూడలేదో నేను అడగలేదు. మందు వాసన మాత్రం ఆవిడకు ఇప్పటికీ గిట్టదు, అందులో ఆవిడ తప్పేమీ లేదు.

ఇక మా మేనల్లుడు. ఆవిడకు ఒక్కగానొక్క కొడుకు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. పనికి దగ్గరని వేరే గది తీసుకున్నాడు. మొదట్లో వారం వారం బట్టల మూట తెచ్చి దుకాణంలో పడేసేవాడు, తర్వాత మానేశాడు. తనే ఉతుక్కుంటున్నాడట. "చూశావా, నా కొడుక్కి బాధ్యత తెలిసింది" అని వచ్చిన ప్రతి ఖాతాదారుకూ చెప్పింది. అక్కడితో ఆగిందా. ఒక ఆదివారం సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. తమ ఇంట్లో ఆ శాపం తండ్రితోనే పోయిందనీ, తన కొడుకు దాని మూత వాసన కూడా ఎరగడనీ, పిల్లల్ని పెంచాల్సినట్టు పెంచితే ఇలా ఉంటారనీ. పిల్లలు దారి తప్పిన తల్లులు ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. నా పక్కన మా ఆయన గొంతు సవరించుకున్నాడు. అక్కను ఆపే ధైర్యం ఆయనకు గొంతు సవరించుకోవడం దాకానే ఉంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పాటల మాస్టారి చొక్కా గొడవ వచ్చింది.

పాటల మాస్టారు పిల్లలకు సంగీతం నేర్పుతారు. ఒంటరి మనిషి. మా పక్క వీధిలో మేడ మీద ఒక గది. ఆదివారం సంఘంలో పాటలు ఎత్తేది ఆయనే. మెత్తటి మనిషి. ఎంత మెత్తన అంటే ఆయన కాలు మీరు తొక్కితే ఆయనే మీకు క్షమాపణ చెబుతారు. నాకు అలాంటి వాళ్లంటే గౌరవమే, కానీ వాళ్లతో వేగలేను.

ఆ రోజు వదిన ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆగిపోయింది. మామూలుగా ఆగే మనిషి కాదు. పెట్టె పక్కన పెట్టి, చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని, "అమ్మాయ్, ఇటు రా. వాసన చూడు" అంది.

చూశాను. జాడించినా పోని వాసనలు ఉంటాయి, ఆరిన బట్టలో దాక్కుని ఇస్త్రీ వేడికి లేస్తాయి. సందేహం లేదు, మందే.

"దగ్గు మందేమో వదినా" అన్నాను.

"దగ్గు మందుకీ దీనికీ తేడా నాకు నువ్వు చెప్పాలా? నేను దీంతో కాపురం చేశాను."

"ఒకసారి ఆయన్నే అడిగితే పోలా?"

"తాగేవాడు తాగానని చెబుతాడా? చొక్కా చెప్పింది చాలు."

ఆ సాయంత్రమే వెళ్లి పెద్దలతో చెప్పేసింది. మందుల షాపు పెద్దాయన అని మా సంఘంలో ఒకాయన ఉన్నారు, పెద్దల్లో పెద్ద. ఆయన మాస్టారిని పిలిచి అడిగితే మాస్టారు అవుననలేదు, కాదనలేదు. "మీరు ఏది నిర్ణయిస్తే అదేనండి" అన్నారట. అలా అంటే ఎవరైనా ఏమనుకుంటారు? వచ్చే ఆదివారం బల్ల ఉంది కాబట్టి ఆ రోజు సంఘం ముందు విషయం పెట్టి, ఆయనకు బల్లా పాటా రెండూ ఆపుదామని అనుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఆయన బట్టలు పట్టుకుని, ఇవాళ ఆ మనిషి నోటి నుంచి ఒక్క మాటైనా రాబట్టాలని మేడ మెట్లు ఎక్కాను. తలుపు ఓరగా ఉంది. లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నది మా మేనల్లుడు. ఒంటి మీద మాస్టారి చొక్కా, చేతులు వాడికి పొట్టి. గది నిండా ఆ వాసనే. మాస్టారు కింద చాప మీద కూర్చుని నిమ్మకాయ పిండుతున్నారు.

నన్ను చూసి లేచి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"కొన్ని నెలలైందమ్మా. బస్టాండు పక్కన పడి ఉంటే తీసుకొచ్చాను మొదటిసారి. తర్వాత అక్కడక్కడా. నడవలేడు కదా, భుజాన వేసుకుని తేవాలి."

"వదినకు చెప్పండి. ఇప్పుడే చెప్పండి. లేకపోతే నేనే వెళ్లి చెబుతాను."

"వద్దమ్మా. సంఘంలో మీ వదినగారు సాక్ష్యం చెప్పిన రోజు వాడు వెనక గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. తల్లిని చూసి వెళ్దామని వచ్చాడట. విని అట్నుంచి అటే వెళ్లిపోయాడు. ఆ రోజు తాగినట్టు ఎప్పుడూ తాగలేదు. ఇప్పుడు ఆసుపత్రికి వస్తున్నాడు, మానడానికి. నేను వెంట వెళ్తున్నాను. మధ్యలో జారాడు. మళ్లీ లేస్తాడు. తల్లితో తనే చెబుతానన్నాడు. ఆ ఒక్క పనీ వాణ్ణి చేసుకోనివ్వండి."

"మరి మీ సంగతో? ఆదివారం మిమ్మల్ని చివరి బెంచీలో కూర్చోబెడతారు."

"కూర్చుంటాను. అక్కడ ఫ్యాను కూడా ఉంది."

నవ్వాలో ఆయన నెత్తిన నాలుగు మొట్టాలో తెలియలేదు. ఎవరికీ చెప్పనని మాట తీసుకుని గానీ నన్ను కదలనివ్వలేదు. ఇచ్చాను. ఇచ్చి మెట్లు దిగుతూ నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ వారం నేను పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. ఒక పక్క వదిన, ఇస్త్రీ పెట్టె కదిలినంత సేపూ మాస్టారి గురించే. ఆ మెత్తదనం అంతా నటనట. పాట పాడేటప్పుడు కళ్లు మూసుకునేది ఎర్రగా ఉంటాయనట. మధ్యాహ్నం తిండి ముందు ప్రార్థనలో కూడా ఆయన్ను తెచ్చింది, ఆ దారి తప్పిన మనిషికి బుద్ధి ఇమ్మని. ఆ వెంటనే, నా బిడ్డను ఇలాంటి వాటికి దూరంగా ఉంచినందుకు స్తోత్రం అంది. ముద్ద కంచంలో వదిలేశాను. నీళ్లు తాగి, మళ్లీ తాగి, లేచి వెనక గదిలోకి వెళ్లిపోయాను. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చేది. మింగేదాన్ని. మూటలు విసిరేస్తుంటే మా ఆయన, "నీకేమైందే, బట్టల మీద పడ్డావు?" అన్నాడు. మీ అక్కను అడుగు అన్నాను. ఆయన చల్లగా యంత్రాల వెనక్కి జారుకున్నాడు.

శనివారం మాస్టారు తనే మూట తెచ్చారు. వదిన తలెత్తలేదు.

"అక్కగారూ, రేపటికి తెల్ల చొక్కా ఒకటి ఇస్తారా?"

"రేపు తెల్ల చొక్కాతో మీకేం పని?" అంది, పెట్టె కేసి చూస్తూనే.

ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వి వెళ్లిపోయారు. నేను మూట విప్పాను. పైన తెల్ల చొక్కా, దాని కింద ఇంకొకటి, అడుగున ఉండచుట్టిన నీలం గళ్ల చొక్కా. అది ఆయన చొక్కా కాదు, మా మేనల్లుడిది. ఆ తెలివితక్కువ మనిషి వాడికి తన చొక్కా తొడిగి, విప్పిన చొక్కాను తన బట్టల్లో కలిపి తెచ్చి, ఎక్కడ ఇవ్వకూడదో సరిగ్గా అక్కడే ఇచ్చిపోయాడు. పది దుకాణాలు తిరిగినా దొరకని తప్పు అది. నేను దాన్ని పవిట కిందికి లాక్కునేలోపే వదిన చెయ్యి వచ్చి పట్టుకుంది.

మా దుకాణంలో ఏ బట్టైనా ముందు కాలరు తిప్పి చూస్తాం. ఇంటింటికీ ఒక గుర్తు ఉంటుంది. కాలరు లోపల రంగు దారంతో రెండు మూడు కుట్లు, బట్టలు మారిపోకుండా. మాస్టారిది నల్ల దారం, అడ్డ కుట్టు. మా ఇంటిది పసుపు దారం, పక్కపక్కనే మూడు కుట్లు. ఎవరి గుర్తు అయినా కుట్టేది వదినే.

కాలరు తిప్పింది. చూసింది. వేలితో ఆ పసుపు కుట్ల మీద రాసింది, ఊడుతుందేమో అన్నట్టు.

చొక్కాను బల్ల మీద పరిచింది. గుండె మీద పెద్ద మరక, ఒక గుండీ లేదు. తర్వాత మూటలోంచి మాస్టారి రెండో చొక్కా తీసి పక్కన పరిచింది. ముందంతా శుభ్రం. ఎడమ భుజం మీదా వీపు మీదా మరక. కొడుకు చొక్కా ఎత్తి గుండె భాగం తెచ్చి మాస్టారి భుజం మీద ఆనించింది. మరక మీద మరక కుదిరింది.

"మోశాడు" అంది.

"అవును వదినా."

"పోయినసారి కూడా భుజమే. ముందువైపు ఏమీ లేదు. నేను చూశాను అమ్మాయ్. తాగినవాడి చొక్కా ముందువైపు పాడవుతుంది, మీ అన్నయ్యవి ఎన్ని ఉతకలేదు. చూసి కూడా..." నా వైపు తిరిగి, "నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

మీద పడుతుందనుకున్నాను. వారం రోజులు నోరు కుట్టేసుకున్నందుకు నాకూ గట్టిగా పోట్లాడాలనే ఉంది. ఇలాంటి రోజు ఒకటి రావాలని ఎన్నిసార్లు కోరుకున్నానో దేవుడికి తెలుసు. తీరా వచ్చాక, రెండు చొక్కాలూ పట్టుకుని నిలబడ్డ ఆవిడతో పోట్లాడబుద్ధి కాలేదు. అది కూడా నాకు చిరాకే.

"ఎక్కడున్నాడు?"

"మాస్టారి గదిలో. పద వదినా, వెళ్దాం."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

వెళ్లలేదు. ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే. పక్క వీధిలో కొడుకు ఉంటే ఈ మనిషి నీళ్ల తొట్టి ముందు కూర్చుని ఆ చొక్కాను యంత్రంలో వేయకుండా చేత్తో ఉతికింది. మరక పోయాక కూడా ఉతికింది. గుండీ వెతికి కుట్టింది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి మా ఆయన చేత పంపించింది.

ఆదివారం ప్రసంగం అయ్యాక మందుల షాపు పెద్దాయన లేచి కళ్లజోడు సర్దుకున్నారు. మాస్టారు ముందు వరసలో ఆ తెల్ల చొక్కాతో తల దించుకుని కూర్చున్నారు. పెద్దాయన "ఒక విచారకరమైన విషయం" అనేలోపే వదిన లేచింది.

"అయ్యగారూ, ఆ వాసన మా ఇంటిది. మాస్టారు మోశారంతే. ఆయన మీద నేను చెప్పింది తప్పు."

ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ సంఘంలో అంత తక్కువ మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. బెంచీల మధ్య నుంచి నడిచి వెళ్లి, చివరి బెంచీ మీద, గోడ మూల, అన్నయ్య చోట్లో కూర్చుంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. పెద్దాయన ఏం చేయాలో తెలియక పాస్టర్‌గారి వైపు చూశారు. పాస్టర్‌గారు మాస్టారి వైపు చూసి, "పాట ఎత్తండి" అన్నారు.

రొట్టె పంచేటప్పుడు పాట నడవాలి, పాట ముగిశాకే పళ్లెం తిరిగి బల్ల మీదికి రావాలి. అది మా దగ్గర ఆనవాయితీ. మాస్టారు ముందుకెళ్లి మా వైపు తిరిగి ఎత్తారు. పళ్లెం బెంచీలు దాటుతూ వెనక్కి వెళ్లింది. అలవాటు ప్రకారం చివరి బెంచీకి ముందే పెద్దాయన పళ్లెం అందుకుని తిరిగారు. పాటకు అప్పటికి చరణాలు అయిపోయాయి. ఆయన తిరగడం మాస్టారు చూశారు. చూసి చివరి చరణం మళ్లీ ఎత్తుకున్నారు.

పెద్దాయన మధ్యలో ఆగిపోయారు. పాట నడుస్తుంటే పళ్లెం బల్ల మీద పెట్టకూడదు. చరణం అయింది. మాస్టారు మళ్లీ ఎత్తుకున్నారు. అయింది. మళ్లీ. పిల్లలు ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. ముసలమ్మలకు ఊపిరి అందడం లేదు. నా గొంతు ఎండిపోయింది. ఇంత మొండి మనిషా ఈయన, ఇన్నాళ్లూ మెత్తటివాడనుకున్నానే అని పాడుతూనే పళ్లు నూరుకున్నాను. నూరుకుంటూనే ఏడుస్తున్నాను. పెద్దాయన ముందుకు చూశారు, వెనక్కి చూశారు, ఇక చేసేది లేక పళ్లెం పట్టుకుని చివరి బెంచీ దగ్గరికి నడిచారు.

వదిన తల అడ్డంగా ఊపింది. పాట మళ్లీ మొదలైంది. తీసుకో తల్లీ, ఇంటికి పోవాలి అని లోపల బతిమాలుకుంటున్నాను. ఎంతసేపటికో ఆవిడ చెయ్యి చాచింది. ముక్క తీసుకుని, తినే ముందు పక్కన ఖాళీగా ఉన్న చోటును కాసేపు చూసింది. మాస్టారు పాట ముగించారు. అంతా బెంచీల మీద కూలబడ్డాం.

బయటికి వచ్చాక మాస్టారి ఎదుట నిలబడి ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆయన చెప్పనివ్వలేదు. "ఇస్త్రీ బాగా కుదిరిందండి" అన్నారు. ఆయనతో ఎప్పుడూ ఇంతే, మనిషికి సరిగ్గా క్షమాపణ కూడా చెప్పుకోనివ్వడు.

మేడ మెట్లు నేనూ ఆవిడా కలిసి ఎక్కాం. ఆవిడ చేతిలో మడత పెట్టిన నీలం గళ్ల చొక్కా. తలుపు తీసింది వాడే. గడ్డం గీసుకున్నాడు, కళ్లు లోపలికి పోయాయి. తల్లిని చూసి వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇక మొదలవుతుంది, పెంచిన తీరు, తండ్రి పోలిక, సంఘంలో తలవంపులు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి అనుకున్నాను.

"గుండీ ఊడింది. కుట్టాను. వేసుకో" అంది.

వాడు చొక్కా అందుకున్నాడు. "అమ్మా, నేను నీకు ఒకటి చెప్పాలి."

"చెప్పు. వింటాను."

మంచం అంచున కూర్చుంది. వాడు ఆ గళ్ల చొక్కా ఒళ్లో పెట్టుకుని, కాలరు అటూ ఇటూ తిప్పుతూ మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో తడబడ్డాడు, ఆగాడు, మళ్లీ చెప్పాడు. మా వదిన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.